సికందర్, జుల్‌ఖర్నైన్ ఒక్కరేనా?

 

శుక్రవారం రోజున సూరా అల్ కహఫ్ పారాయణం చేసుకోవడం మన ఇళ్ళలో ఆనవాయితీ. మైలవరంలో మాకు బాగా తెలిసిన ఒక ఇంట్లో కూడా అంతే. ఒక శుక్రవారం అసర్ నమాజు తర్వాత మేము ఆ ఇంటికి వెళ్ళేసరికి, ఆ ఇంటి నానీమా పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టుకుని జుల్‌ఖర్నైన్ వృత్తాంతం చెబుతున్నారు.

"ఆయనే సికందర్ బాద్షా, బేటా! ప్రపంచాన్నంతా జయించాడు. చనిపోయేముందు మాత్రం తన రెండు చేతులూ శవపేటికలో నుంచి బయటకు కనబడేట్టు పెట్టమన్నాడు. ఇంత జయించినా వట్టి చేతులతోనే పోతున్నానని లోకానికి తెలియాలని" అన్నారామె.

ఎనిమిదో తరగతి చదువుతున్న మనవడు వెంటనే అడిగాడు: "నానీమా, అలెగ్జాండర్ రకరకాల దేవతలకు బలులిచ్చేవాడని, తాను దేవుడి కొడుకునని చెప్పుకున్నాడని మా మాస్టారు చెప్పారు. అలాంటివాణ్ణి అల్లాహ్ ఎందుకు మెచ్చుకుంటాడు? మా మాస్టారు చెప్పింది తప్పా? లేకపోతే ఖుర్ఆన్‌లో..." ఆ మాట పూర్తి చేయడానికి పిల్లవాడికి భయమేసింది. పెద్దలెవరికీ ఏం చెప్పాలో తోచలేదు.

సోదరులారా! ఇది చిన్న ప్రశ్న కాదు. ఆ రోజు ఆ పిల్లవాణ్ణి "నోర్మూసుకో" అని కసిరి ఉంటే, ఆ సందేహం వాడి మనసులోనే ఉండిపోయి వాడితో పాటే పెరిగేది. నిజానికి మాస్టారు చెప్పింది తప్పు కాదు. దివ్యఖుర్ఆన్ మాట సత్యం. పొరపాటు ఈ రెండింటిలోనూ లేదు. ఖుర్ఆన్ చెప్పని పేరును మనం ఖుర్ఆన్ వృత్తాంతానికి తగిలించాం. పొరపాటు అక్కడ జరిగింది.

దివ్యఖుర్ఆన్ ఏం చెప్పింది?

జుల్‌ఖర్నైన్ వృత్తాంతం సూరా అల్ కహఫ్ 83వ ఆయతు నుండి 98వ ఆయతు వరకు ఉంది. అంటే మొత్తం 16 ఆయతులు. దైవప్రవక్త ముహమ్మద్ (స)ను పరీక్షించడానికి అడిగిన ప్రశ్నలకు జవాబుగా ఇవి అవతరించాయని సీరా గ్రంథాలు తెలుపుతున్నాయి.

ఆ 16 ఆయతుల్లో ఆ రాజు తండ్రి పేరు లేదు. ఆయన రాజధాని పేరు లేదు. ఏ శతాబ్దంలో ఏలాడో లేదు. అరబీలో జుల్‌ఖర్నైన్ అంటే రెండు కొమ్ములవాడు. 'ఖర్న్' అనే మాటకు యుగమనే అర్థం కూడా ఉంది. అల్లాహ్ ఆయనకు భూమిపై అధికారాన్ని, అన్ని రకాల సాధనాలను ప్రసాదించాడు. ఆయన మూడు ప్రయాణాలు చేశాడు.

మొదటి ప్రయాణం పడమటి దిక్కుకు. అక్కడి ప్రజలను శిక్షించే అధికారం, ఆదరించే అధికారం రెండూ ఆయన చేతికి వచ్చాయి. దుర్మార్గం చేసినవాడికి శిక్ష ఉంటుందని, విశ్వసించి మంచి పనులు చేసినవాడికి మంచి ప్రతిఫలం ఉంటుందని, అతనితో తాను మెత్తగా వ్యవహరిస్తానని ఆయన ప్రకటించాడు. రెండవ ప్రయాణం తూర్పుకు. ఎండ నుండి కాపాడే చాటు కూడా లేని ప్రజలను అక్కడ చూశాడు. మూడవసారి రెండు కొండల మధ్యకు చేరాడు. అక్కడివారి భాష అర్థమవడం కూడా కష్టం. యాజూజ్, మాజూజ్ తమ ప్రాంతంలో కల్లోలం రేపుతున్నారని, సొమ్ము చెల్లిస్తాం, మాకు అడ్డుగోడ కట్టిపెట్టమని వారు వేడుకున్నారు.

ఇక్కడ ఆగి ఆలోచించండి. బలహీనులు తమంతట తామే డబ్బు ఇస్తామంటున్నారు. ఎదురు చెప్పేవారెవరూ లేరు. అయినా ఆయన ఆ సొమ్ము వద్దన్నాడు. తన ప్రభువు తనకిచ్చినదే ఎంతో మేలన్నాడు. శ్రమతో మాత్రం తోడ్పడమన్నాడు. ఇనుప దిమ్మెలు పేర్పించి, నిప్పు రాజేయించి, కరిగిన రాగి పోయించి గోడ కట్టించాడు. అంత పని పూర్తయ్యాక "ఇది నా ఘనత" అనలేదు. ఇది తన ప్రభువు కారుణ్యమన్నాడు. ప్రభువు వాగ్దాన సమయం వచ్చినప్పుడు ఈ గోడ కూడా నేలమట్టమవుతుందని తన నోటితోనే చెప్పాడు.

గ్రీకు రాజు అలెగ్జాండర్ ఎవరు?

ఇప్పుడు చరిత్ర వైపు చూద్దాం. అలెగ్జాండర్ క్రీ.పూ. 356లో గ్రీసుకు ఉత్తరాన ఉన్న మాసిడోనియా రాజ్యంలో, పెల్లా నగరంలో పుట్టాడు. తండ్రి రెండవ ఫిలిప్, తల్లి ఒలింపియాస్. ప్రసిద్ధ తత్వవేత్త అరిస్టాటిల్ (మన గ్రంథాల్లో అరస్తూ) అతనికి గురువు. క్రీ.పూ. 336లో తండ్రి హత్యకు గురికావడంతో ఇరవై ఏళ్ళ వయసులో సింహాసనమెక్కాడు.

మరుసటి ఏడాదే థీబ్స్ నగరం తిరుగుబాటు చేసింది. ఆ నగరాన్ని నేలమట్టం చేయించాడు. సుమారు 6,000 మంది చనిపోయారని, 30,000 మందిని బానిసలుగా అమ్మేశారని పురాతన చరిత్రకారులు రాశారు. క్రీ.పూ. 334లో ఆసియాలో అడుగుపెట్టి, గ్రానికస్, ఇస్సస్, గౌగమేలా యుద్ధాల్లో పారసీక సైన్యాలను ఓడించాడు. క్రీ.పూ. 332లో ఈజిప్టును స్వాధీనం చేసుకుని, అక్కడ సముద్రతీరాన తన పేరిట నగరం కట్టించాడు. అదే నేటి అలెగ్జాండ్రియా. మన అరబీ గ్రంథాల్లో ఇస్కందరియా. క్రీ.పూ. 330లో పారసీక రాజధాని పెర్సిపోలిస్ ప్రాసాదాలు అతని సమక్షంలోనే తగలబడ్డాయి. క్రీ.పూ. 326లో జీలం నది ఒడ్డున పురుషోత్తముడితో (పోరస్‌తో) యుద్ధం చేశాడు. బియాస్ నది దగ్గర అతని సైనికులు ఇక ముందుకు నడవమని మొండికేశారు. లోకాన్ని జయించాలనుకున్నవాడు తన సొంత సైన్యం మాటకు తలొగ్గి వెనుదిరిగాడు.

న్యాయంగా మాట్లాడమని మన ధర్మం మనకు నేర్పింది. కాబట్టి అతనిలోని మంచిని కూడా చెప్పాలి. ఇస్సస్ యుద్ధంలో చిక్కిన పారసీక చక్రవర్తి డేరియస్ తల్లిని, భార్యాబిడ్డలను అతడు అవమానించలేదు. రాజకుటుంబానికి తగిన మర్యాదతో చూశాడు. ఓడిపోయిన పురుషోత్తముడికి రాజ్యం తిరిగి ఇచ్చాడు. నేటి బలూచిస్తాన్‌లోని మక్రాన్ ఎడారిలో సైన్యం దాహంతో అల్లాడుతున్నప్పుడు, తన కోసం శిరస్త్రాణంలో తెచ్చిన కాసిన్ని నీళ్ళను అందరూ చూస్తుండగా ఇసుకలో పారబోశాడని చరిత్రకారుడు ఆరియన్ రాశాడు. సైనికులు తాగని నీళ్ళు తాను తాగనన్నమాట. ఇది మెచ్చుకోదగినదే.

కానీ విజయాలు పెరిగేకొద్దీ అతనిలో అహం కూడా పెరిగింది. ఈజిప్టు ఎడారిలోని సీవా ఆలయంలో పూజారి అతన్ని 'ఆమోన్ దేవుడి కుమారుడా' అని పలకరించాడు. అతడు దాన్ని కాదనలేదు. క్రీ.పూ. 328లో సమర్‌ఖంద్‌లో ఒక విందులో, తప్పతాగిన కోపంలో క్లీటస్ అనే సేనానిని ఈటెతో పొడిచి చంపాడు. ఈ క్లీటసే గ్రానికస్ యుద్ధంలో అతని ప్రాణం కాపాడినవాడు! మరుసటి ఏడాది తన ముందు సాగిలపడాలని కోరినప్పుడు, అరిస్టాటిల్ బంధువైన కలిస్థనీస్ దాన్ని వ్యతిరేకించాడు. ఆ తర్వాత కొద్దికాలానికే ఒక కుట్రలో భాగముందన్న ఆరోపణపై కలిస్థనీస్‌ను బంధించారు. అతడు మళ్ళీ స్వేచ్ఛ చూడలేదు. క్రీ.పూ. 324 నాటికి అలెగ్జాండర్‌కు దైవగౌరవాలివ్వాలా వద్దా అని ఏథెన్స్ వంటి గ్రీకు నగరాలే చర్చించుకోవలసి వచ్చింది. క్రీ.పూ. 323 జూన్‌లో బాబిలోన్‌లో జ్వరంతో మరణించాడు. అప్పటికి అతనికి 33 ఏళ్ళు కూడా నిండలేదు.

సోదరులారా! సొమ్ము వద్దని, ఘనతంతా ప్రభువుదేనని చెప్పిన రాజును, తన ముందు సాగిలపడమన్న రాజును ఒకే మనిషి అనడానికి మన మనసు ఎలా ఒప్పుకుంటుంది?

మరి ఈ పొరపాటు ఎలా వచ్చింది?

దీనికి కారణాలున్నాయి. ఆమోన్ దేవుడికి పొట్టేలు కొమ్ములుండేవి. అలెగ్జాండర్ చనిపోయాక అతని సేనాని లైసిమాకస్ ముద్రించిన నాణేలపై అలెగ్జాండర్ తలకు ఆ పొట్టేలు కొమ్ము కనిపిస్తుంది. కొమ్ములున్న రాజు బొమ్మ అలా దేశదేశాలకూ పాకింది. తర్వాతి శతాబ్దాల్లో గ్రీకు, సిరియాక్ తదితర భాషల్లో అతని మీద వింత కథలు అల్లుకున్నాయి. ఆ కథల్లో అతడు భక్తుడైన రాజుగా మారిపోయాడు. గోడ కట్టిన కథ కూడా అందులో చేరింది. ఫార్సీ మహాకవి నిజామీ, మన దేశపు అమీర్ ఖుస్రో కూడా సికందర్‌పై కావ్యాలు రాశారు. కావ్యంలోని నాయకుడు జనం నోళ్ళలో చారిత్రక పురుషుడైపోయాడు.

మన ధర్మపండితులు ఈ విషయంలో ఒకే మాట చెప్పలేదు. ఇమామ్ ఫఖ్రుద్దీన్ రాజీ వంటివారు జుల్‌ఖర్నైన్ అంటే సికందరేనన్నారు. ఇమామ్ ఇబ్నె తైమియా, హాఫిజ్ ఇబ్నె కసీర్ మాత్రం దీన్ని గట్టిగా ఖండించారు. అరిస్టాటిల్ కాలపు సికందర్ వేరని, జుల్‌ఖర్నైన్ అతనికంటే ఎంతో పూర్వపు విశ్వాసి అని ఇబ్నె కసీర్ వివరించారు. ఆధునిక కాలంలో మౌలానా అబుల్ కలాం ఆజాద్ తన తర్జుమానుల్ ఖుర్ఆన్‌లో, జుల్‌ఖర్నైన్ పారసీక చక్రవర్తి సైరస్ (ఖోరస్) అయి ఉంటాడని వాదించారు. మౌలానా మౌదూదీ కూడా తఫ్హీముల్ ఖుర్ఆన్‌లో ఆ అభిప్రాయం వైపే మొగ్గారు.

వీటిలో ఏదైనా పండితుల పరిశోధనే తప్ప, విశ్వాసంలో భాగం కాదు. అల్లాహ్ పేరు చెప్పలేదంటే, ఆ పాఠానికి పేరు అవసరం లేదన్నమాట. ఇంట్లో పిల్లలకు ఈ తేడా స్పష్టంగా చెప్పాలి. ఇది ఖుర్ఆన్ మాట, ఇది పండితుల అభిప్రాయం, ఇది జనం చెప్పుకునే కథ అని మూడింటినీ వేరు చేసి చెబితే, పిల్లవాడు స్కూల్లో ఏం విన్నా వాడి విశ్వాసం చెదరదు.

ఒకే పేరు, వేరు వేరు మనుషులు

పేరు కలిస్తే మనిషి కలవడని మన తెలుగు నేల మీది రాళ్ళే చెబుతాయి. కర్నూలు జిల్లా ఎర్రగుడి దగ్గర బండలపై అశోక చక్రవర్తి 14 శిలాశాసనాలు చెక్కి ఉన్నాయి. వీటిలో 13వ శాసనం కళింగ యుద్ధం గురించినది. లక్షమంది హతులయ్యారని, లక్షా యాభై వేల మందిని చెరపట్టి తరలించారని చెప్పి, అశోకుడు అందులో పశ్చాత్తాపపడ్డాడు. ఆ శాసనం ఆంధ్రులను పేర్కొంటుంది, ఐదుగురు గ్రీకు రాజులను కూడా పేర్కొంటుంది. వారిలో ఒకరి పేరు 'అలికసుందర'. అంటే అలెగ్జాండర్! కానీ ఇతను మనం చెప్పుకుంటున్న అలెగ్జాండర్ కాదు. అశోకుని కాలం నాటికి ఆ అలెగ్జాండర్ చనిపోయి అరవై ఏళ్ళు దాటింది. ఇతను అదే పేరున్న మరొక గ్రీకు రాజు.

సికందరాబాద్ సంగతి కూడా అంతే. 1806లో ఆ ఊరికి ఆ పేరు వచ్చింది మూడవ నిజాం సికందర్ జా పేరిట. గ్రీకు రాజు అక్కడికి రాలేదు. మన బిడ్డలకు సికందర్ అని పేరు పెట్టుకున్నవారు కూడా చింతించనక్కర్లేదు. పేరు పేరే. ఆ పేరున్న ప్రతివాడి కర్మలూ ఎవరివి వారివే.

అయితే పేరు మోజులో పడినవారూ ఉన్నారు. ఢిల్లీ సుల్తాను అలావుద్దీన్ ఖిల్జీ (పాలన 1296 - 1316) తన నాణేలపై 'రెండవ సికందర్' అని ముద్రించుకున్నాడు. అతని సేనాని మలిక్ కాఫూర్ దండెత్తి వచ్చి మన ఓరుగల్లును ముట్టడించాడు. 1310లో ప్రతాపరుద్రుడు కప్పం కట్టాడు. చరిత్రకారుడు జియావుద్దీన్ బరనీ ఒక సంఘటన రాశాడు. కొత్త మతం స్థాపించాలని, సికందర్‌లా లోకాన్ని జయించాలని సుల్తానుకు ఆలోచన పుట్టిందట. అప్పుడు ఢిల్లీ కొత్వాల్ అలావుల్ ముల్క్ ధైర్యం చేసి, ధర్మం దైవవాణి ద్వారా ప్రవక్తలకు అందేదే గాని రాజుల ఆలోచనతో పుట్టేది కాదని, దండయాత్రకు బయలుదేరితే వెనుక రాజ్యాన్ని కాపాడడానికి అరస్తూ వంటి మంత్రి లేడని చెప్పాడు. సుల్తాను ఆ మాట విన్నాడు. అధికారంలో ఉన్నవాడి ముఖం మీద నిజం చెప్పడం ఎంత పెద్ద సేవో ఈ కొత్వాల్ చూపించాడు. కలిస్థనీస్ కూడా అలాగే నిజం చెప్పాడు గాని, అతని రాజు వినలేదు.

వట్టి చేతుల కథ సంగతేమిటి?

ఇక నానీమా చెప్పిన చేతుల కథకు వద్దాం. మన ప్రసంగాల్లో, స్కూలు పుస్తకాల్లో, పెళ్ళి విందుల్లో ఎన్నోసార్లు విన్న కథ ఇది. కానీ అలెగ్జాండర్ జీవితాన్ని రాసిన పురాతన చరిత్రకారులు ఆరియన్, ప్లూటార్క్, డయోడోరస్, కర్టియస్ ఎవరి గ్రంథంలోనూ ఇది లేదు. ఎవరైనా వార్త తెస్తే విచారించుకోమని సూరా అల్ హుజురాత్ మనకు ఆదేశించింది. మంచి నీతి ఉందని అసత్యాన్ని మోయనక్కర్లేదు. పైగా జరిగింది తెలుసుకుంటే, అది కల్పిత కథకంటే ఎక్కువ కనువిప్పు కలిగిస్తుంది.

అలెగ్జాండర్ శవాన్ని వట్టి చేతులతో పంపలేదు. సుగంధద్రవ్యాలు నింపి బంగారు పేటికలో పెట్టారు. దాన్ని మోయడానికి స్తంభాలతో, బంగారు కప్పుతో ఒక రథం చేయించారు. దానికే దాదాపు రెండేళ్ళు పట్టింది. దాన్ని లాగడానికి 64 కంచరగాడిదలు కట్టారని డయోడోరస్ రాశాడు. ఆ ఊరేగింపు దారిలో ఉండగానే సేనాని టోలెమీ శవాన్ని ఈజిప్టుకు తరలించుకుపోయాడు. రెండు శతాబ్దాల తర్వాత అదే టోలెమీ వంశపు రాజొకడు ఆ బంగారు పేటికను కాజేశాడనీ, శవం గాజు పేటికలో మిగిలిందనీ స్ట్రాబో రాశాడు. నేడు ఆ సమాధి ఎక్కడుందో ఆనవాలు కూడా లేదు.

అతని ఇంటివారి సంగతి ఇంకా దారుణం. తన తర్వాత రాజ్యానికి దిక్కెవరో స్థిరపరచకుండానే అతడు పోయాడు. సవతి సోదరుడిని క్రీ.పూ. 317లో చంపారు. తల్లి ఒలింపియాస్‌ను మరుసటి ఏడాది చంపారు. భార్య రుఖ్సానాను, అతని మరణం తర్వాత పుట్టిన కుమారుడిని క్రీ.పూ. 310 ప్రాంతంలో రహస్యంగా చంపించారు. పదిహేనేళ్ళు తిరక్కుండానే ఆ ఇంట్లో దీపం పెట్టే దిక్కు లేకుండా పోయింది. ఇదంతా చేసింది శత్రువులు కారు. అతని సొంత రాజ్యంలో అధికారం కోసం పోటీపడినవారే!

బంగారు పేటిక అతన్ని కాపాడలేదు. బంగారం కూడా అతని దగ్గర మిగల్లేదు. ఇంతకంటే గుణపాఠం ఏ కల్పిత కథలో ఉంది?

మనం నేర్చుకోవలసినవి

మైలవరం నుండి విజయవాడకు బస్సులో వెళ్ళే దారిలో కొండపల్లి కొండ కనబడుతుంది. ఆ కోటను 14వ శతాబ్దంలో రెడ్డిరాజులు కట్టించారు. ఆ తర్వాత అది గజపతుల చేతికి, బహమనీల చేతికి, శ్రీకృష్ణదేవరాయల చేతికి, కుతుబ్‌షాహీల చేతికి, మొగలుల చేతికి, నిజాముల చేతికి, చివరకు ఆంగ్లేయుల చేతికి పోయింది. ప్రతివారూ "ఇది నాది" అన్నారు. నేడు సెలవురోజుల్లో పిల్లలు ఆ గోడల మీద ఆడుకుంటున్నారు. ఈసారి బస్సు ఆ కొండ దాటుతున్నప్పుడు మీ పిల్లలకు ఈ విషయం చెప్పండి.

అధికారమంటే రాజ్యమే కానక్కర్లేదు. ఇంట్లో తండ్రికి అధికారముంది. కోడలి మీద అత్తకు, పనివాడి మీద యజమానికి, శిష్యుల మీద గురువుకు, మస్జిద్ కమిటీలో సభ్యులకు అధికారముంది. కనుక మనల్ని మనం నాలుగు ప్రశ్నలు వేసుకుందాం:

1. బలహీనుడు తనంతట తానే ఇస్తానన్నా, అతని అవసరాన్ని సొమ్ము చేసుకోకుండా ఉండగలుగుతున్నామా?

2. మన మాట కాదన్నవాణ్ణి శత్రువుగా చూస్తున్నామా, శ్రేయోభిలాషిగా చూస్తున్నామా?

3. పని విజయవంతమైతే ఘనత ఎవరికి అంటగడుతున్నాం? ప్రభువుకా, మనకా?

4. మనం కట్టినది ఒకరోజు కూలిపోతుందన్న ఎరుకతో కడుతున్నామా?

ఆ రోజు మైలవరంలో ఈ విషయాలన్నీ విన్నాక నానీమా మనవడి తల నిమిరి, "నువ్వు అడగబట్టి నాకూ తెలిసింది బేటా! ఇన్నేళ్ళుగా తప్పు చెబుతున్నాను" అన్నారు. అన్ని రాజ్యాలు జయించిన అలెగ్జాండర్‌కు ఆ ఒక్క మాట అనడం ఎంత కష్టమైందో! డెబ్బై ఏళ్ళు దాటిన ఆ తల్లి చదువుకున్నది తక్కువే. కానీ తన మనవడి ముందు తన పొరపాటును ఒప్పుకోగలిగారు. వాడు ఇక ఏ ప్రశ్నకూ భయపడడు.

అల్లాహ్ మనకు సత్యాన్ని సత్యంగా గుర్తించే వివేకాన్ని, ఇచ్చిన కాస్త అధికారాన్ని వినయంతో వాడుకునే సద్బుద్ధిని ప్రసాదించుగాక! ఆమీన్.